నాసికాన్ ఎలక్ట్రోలైట్: పొడి తూకం నుంచి సోడియం సెల్ పరీక్ష దాకా

సోడియం బ్యాటరీలో ద్రవ ఎలక్ట్రోలైట్‌కు (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్లను మోసే ద్రవానికి) బదులు గట్టి సిరామిక్ బిళ్ళ వాడాలనుకునేవాళ్ళు నాసికాన్ అనే సిరామిక్‌తో మొదలుపెట్టడం మంచిది. దీనికంటే ముందు వచ్చింది బీటా అల్యూమినా. 1960లలో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ పరిశోధకులు దానితోనే సోడియం–గంధకం బ్యాటరీ చేశారు. అది మంచి పదార్థమే, కానీ బిళ్ళ గట్టిపడాలంటే 1600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. అలాంటి ఫర్నేస్ మన యూనివర్సిటీ ల్యాబుల్లో చాలా చోట్ల ఉండదు. నాసికాన్‌కు 1200–1250 డిగ్రీలు సరిపోతాయి. 1976లో ఎంఐటీ లింకన్ ల్యాబ్ నుంచి హాంగ్, గుడెనఫ్, కఫాలస్ దీన్ని ప్రకటించారు. 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్న జాన్ గుడెనఫ్ ఆయనే.

పరమాణువుల లెక్కన దీని కూర్పు ఇలా ఉంటుంది: సోడియం 3 పాళ్ళు, జిర్కోనియం 2, సిలికాన్ 2, భాస్వరం 1, ఆక్సిజన్ 12. జిర్కోనియం చుట్టూ ఆరు ఆక్సిజన్లు, సిలికాన్, భాస్వరాల చుట్టూ నాలుగేసి ఆక్సిజన్లు ఉంటాయి. ఈ గుంపులన్నీ మూలలు కలుపుకుని ఒక చట్రంలా నిలబడితే, ఆ చట్రంలోని సందుల గుండా సోడియం అయాన్లు మూడు దిక్కులా తిరుగుతాయి. బాగా చేసిన బిళ్ళకు గది వేడిలో అయాన్ వాహకత సెంటీమీటరుకు 0.5 నుంచి 1 మిల్లీసీమెన్స్ దాకా వస్తుంది.

కాగితం మీద సులువుగా కనిపించే ఈ పనిలో కష్టమంతా ఒక్కచోటే ఉంది. బిళ్ళ చిక్కబడాలంటే వేడి కావాలి. ఆ వేడికే సోడియం, భాస్వరం ఆవిరైపోతాయి. అవి పోతే జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) విడిగా మిగిలిపోయి వాహకత పడిపోతుంది. అవి పోకముందే బిళ్ళను చిక్కబరచడమే అసలు పని. కింద చెప్పే జాగ్రత్తలు చాలావరకు అందుకోసమే.

తూకం

సుమారు 11 గ్రాముల పొడికి కావాల్సినవి ఇవి. సోడియం, భాస్వరం పోతాయని ముందే తెలుసు కాబట్టి ఆ రెండూ 10 శాతం ఎక్కువ వేశాను.

సోడియం కార్బొనేట్ – 3.498 గ్రాములు
జిర్కోనియా – 4.929 గ్రాములు
సిలికా – 2.403 గ్రాములు
అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ – 2.531 గ్రాములు

తూచే ముందు ఆరబెట్టడం తప్పనిసరి. సోడియం కార్బొనేట్ మన వాతావరణంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్ళలో, సీసా మూత తీసినంతసేపట్లోనే తేమ పట్టేస్తుంది. దాన్ని 200 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. సిలికాను 600 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాలి. సన్నటి సిలికా గాలిలోని తేమను బాగా పీలుస్తుంది, పది శాతం తేమ ఉన్న సిలికాను తూచి వేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. ఫాస్ఫేట్‌ను మాత్రం 80 డిగ్రీలు దాటనివ్వకండి, వేడెక్కువైతే కరిగి విడిపోతుంది. సిలికా స్ఫటికంగా కాక అస్ఫాటిక రూపంలో ఉన్నది తీసుకోండి. క్వార్ట్జ్ పొడి చాలా నెమ్మదిగా కలుస్తుంది.

సిలికా, జిర్కోనియా సన్నటి పొడులు కాబట్టి మాస్క్ లేకుండా తూచకండి.

ఇక్కడ ఒక మాట. జిర్కోనియాకు మూలమైన జిర్కాన్ ఇసుక శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల్లోనే ఉంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ దశాబ్దాలుగా జిర్కాన్ నుంచి జిర్కోనియం తీస్తోంది. జిర్కాన్ అంటే జిర్కోనియం సిలికేట్. అణువుల లెక్కన రెండు పాళ్ళ జిర్కాన్, ఒక పాలు ట్రైసోడియం ఫాస్ఫేట్ కలిపితే లెక్క ప్రకారం సరిగ్గా నాసికాన్ కూర్పే వస్తుంది. ఈ దారిలోనూ నాసికాన్ చేస్తారు. కానీ జిర్కాన్ అంత తేలిగ్గా విడిపోదు. కాబట్టి మొదటిసారి చేసేవాళ్ళు పైన చెప్పిన నాలుగు పొడులతోనే వెళ్ళండి.

కలపడం, నూరడం

అగేట్ కల్వంలో అరగంట నూరి, తర్వాత జిర్కోనియా బంతులున్న బాల్ మిల్లులో వేయండి. పొడి బరువుకు పది రెట్ల బరువు బంతులు, ద్రవంగా ఐసోప్రొపనాల్, 12 గంటలు. నిమిషానికి 300 చుట్లు చాలు. పావుగంట తిప్పి పావుగంట ఆపేలా పెడితే డబ్బా వేడెక్కదు.

నీళ్ళు వాడకండి. కార్బొనేట్, ఫాస్ఫేట్ రెండూ నీళ్ళలో కరుగుతాయి, ఆరేటప్పుడు విడివిడిగా గడ్డకడతాయి. పైగా తడి తగిలితే అవి రెండూ ఒకదానితో ఒకటి చర్య జరిపి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఐసోప్రొపనాల్‌లో కూడా కొద్దిగా తేమ ఉంటే డబ్బాలో ఒత్తిడి పెరగవచ్చు. అందుకే డబ్బా చల్లారాక, ఫ్యూమ్ హుడ్‌లో, మూత కొంచెం వదులుచేసి గ్యాస్ పోనిచ్చి తెరవండి.

బంతుల్ని ముందూ తర్వాతా తూచి రాసుకోండి. అవి అరిగిన బరువంతా జిర్కోనియాగా మీ పొడిలో చేరినట్టే. ఆ తేడా 0.05 గ్రాములు దాటితే తర్వాతి బ్యాచ్‌లో జిర్కోనియా అంత తగ్గించి వేయండి.

ఆరబెట్టేటప్పుడు ముద్దను కలుపుతూనే ఉండాలి. జిర్కోనియా మిగతావాటికంటే చాలా బరువు, వదిలేస్తే అడుగుకు చేరుతుంది. మంట లేని హాట్ ప్లేట్ మీద, హుడ్ కింద ఆరబెట్టండి.

మొదటి కాల్పు

ఈ దశ పేరు కాల్సినేషన్. అల్యూమినా క్రూసిబుల్‌లో సగానికి మించి నింపకండి, ఎందుకంటే అమ్మోనియా, నీటి ఆవిరి వెళ్ళేటప్పుడు పొడి పొంగుతుంది. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 400 డిగ్రీలకు తీసుకెళ్ళి 4 గంటలు ఉంచండి. ఫర్నేస్ గదిలో గాలి బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. చల్లారాక తీసి మళ్ళీ నూరి, 1100 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచండి.

ఇప్పుడు చేయాల్సిన అతి ముఖ్యమైన పని, చాలామంది చేయనిది: తూచడం. క్రూసిబుల్‌లో వేసిన పొడి బరువులో 18.1 శాతం తగ్గాలి. అమ్మోనియా, నీరు, కార్బన్ డయాక్సైడ్ పూర్తిగా పోతే తగ్గే బరువు అంతే. 16 శాతమే తగ్గితే కార్బొనేట్ ఇంకా మిగిలి ఉందని అర్థం, మళ్ళీ కాల్చండి. 20 శాతం తగ్గితే మొదటి పొడులు సరిగా ఆరలేదు, లేదంటే సోడియం అప్పుడే పోవడం మొదలైంది. ఎక్స్‌రే యంత్రం కోసం వారాలు ఎదురుచూసే బదులు ఈ ఒక్క తూకం చాలా సంగతులు అక్కడికక్కడే చెప్పేస్తుంది.

ఎక్స్‌రే డిఫ్రాక్షన్ దొరికితే, రాగి ఎక్స్‌రేతో తీసిన గ్రాఫ్‌లో 19, 27, 30, 34 డిగ్రీల పరిసరాల్లో నాసికాన్ శిఖరాలు చూడండి. 28.2 డిగ్రీల దగ్గర వేరుగా ఒక శిఖరం లేస్తే అది విడిపోయిన జిర్కోనియా. కాల్సినేషన్ తర్వాత ఇది కొంచెం కనిపించినా కంగారు అక్కర్లేదు, సింటరింగ్‌లో, అంటే బిళ్ళను చిక్కబరిచే చివరి కాల్పులో, కొంత కలిసిపోతుంది. సింటరింగ్ తర్వాత పెరిగితే మాత్రం సోడియం పోతోందన్నమాట.

బిళ్ళ నొక్కడం

కాల్చిన పొడిని మళ్ళీ ఐసోప్రొపనాల్‌లో 12 నుంచి 24 గంటలు మిల్లు చేయండి. రేణువు మైక్రాన్ దగ్గరికి రావాలి. ఈ రెండో మిల్లింగ్ తగ్గించి సమయం మిగుల్చుకోవాలనిపిస్తుంది. తగ్గించకండి. రేణువు ఎంత సన్నగా ఉంటే అంత తక్కువ వేడిలో చిక్కబడుతుంది, తక్కువ వేడి అంటే సోడియం మిగలడం.

ఇథనాల్‌లో కరిగించిన పీవీబీ (పాలీవినైల్ బ్యూటిరాల్) బైండర్‌ను, అంటే పొడిని పట్టి ఉంచే జిగురును, పొడి బరువులో 1–2 శాతం కలిపి, ఆరబెట్టి, సన్న జల్లెడ పట్టండి. 13 మిల్లీమీటర్ల డైలో (ఉక్కు అచ్చులో) అర గ్రాము వేసి 2 టన్నుల బరువుతో నొక్కండి. అంటే దాదాపు 150 మెగాపాస్కల్ ఒత్తిడి. ఒత్తిడి పెంచితే మంచిదనుకుని 5, 6 టన్నులకు వెళితే, బయటికి తీసేటప్పుడు బిళ్ళ అడ్డంగా పొరలుగా చీలుతుంది. రెండు నిమిషాలు ఒత్తిడి నిలిపి, నెమ్మదిగా వదలండి. కోల్డ్ ఐసోస్టాటిక్ ప్రెస్ (అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కే యంత్రం) అందుబాటులో ఉంటే ఆ తర్వాత 200 మెగాపాస్కల్ దగ్గర ఇంకోసారి నొక్కితే చాలా తేడా కనిపిస్తుంది.

ఒకేసారి కనీసం ఆరు బిళ్ళలు చేయండి. కొన్ని పగులుతాయి, ఒకటి పరీక్షల్లో పోతుంది.

సింటరింగ్

వైరు చుట్టిన మామూలు మఫిల్ ఫర్నేస్ ఇక్కడ పనికిరాదు. సిలికాన్ కార్బైడ్ కడ్డీలు, లేదా మాలిబ్డినం డైసిలిసైడ్ ఎలిమెంట్లు ఉన్న ఫర్నేస్ కావాలి.

నేను మొదటిసారి బిళ్ళల్ని నేరుగా అల్యూమినా పలక మీద పెట్టి 1250 డిగ్రీలకు తీసుకెళ్ళాను. మర్నాడు చూస్తే అన్నీ పలకకు అతుక్కుపోయి ఉన్నాయి. ఒక్కటీ చెక్కుచెదరకుండా ఊడలేదు. అంచులు పాలిపోయి, గోటితో గీకితే పొడి రాలింది. సోడియం కొంత గాలిలోకి, కొంత అల్యూమినాలోకి పోయింది. మూడు వారాల పని వృథా అయింది.

అప్పటినుంచి చేసే పద్ధతి ఇది. క్రూసిబుల్ అడుగున అదే బ్యాచ్ పొడిని, అంటే తల్లి పొడిని, రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పరవాలి. దాని మీద బిళ్ళలు పెట్టి, మళ్ళీ అదే పొడితో పూర్తిగా కప్పాలి. పైన మూత పెట్టాలి. లోపల సోడియం ఆవిరి చుట్టూ ఉన్న పొడి నుంచే వస్తుంది కాబట్టి బిళ్ళ నుంచి పోయేది తగ్గుతుంది. ఈ పొడిని తర్వాత పడేయకండి, కానీ మూడు నాలుగు సార్లకు మించి వాడకండి. దానిలోనూ సోడియం తరిగిపోతూ ఉంటుంది.

బైండర్ కాలిపోవడానికి నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 550 దాకా వెళ్ళి 2 గంటలు ఉంచండి. పచ్చి కుండను కుమ్మరి ఒక్కసారిగా పెద్ద మంటలో పెట్టడు కదా, ఇదీ అంతే. ఇక్కడ తొందరపడితే లోపలి గ్యాస్ బిళ్ళను పగలగొడుతుంది. అక్కడి నుంచి నిమిషానికి 5 డిగ్రీలు. పై ఉష్ణోగ్రత దగ్గర 8 గంటలు. తర్వాత నిమిషానికి 3 డిగ్రీల చొప్పున చల్లార్చండి. 150–160 డిగ్రీల దగ్గర స్ఫటికం ఆకారం కొద్దిగా మారుతుంది, అక్కడ ఫర్నేస్ తలుపు తెరవకండి.

పై ఉష్ణోగ్రత ఎంత? 1200, 1225, 1250 మూడింటి దగ్గరా రెండేసి బిళ్ళలు కాల్చి చూడండి. మీ ఫర్నేస్ తెర మీద కనిపించే అంకెకూ క్రూసిబుల్ దగ్గరి వేడికీ 20, 30 డిగ్రీల తేడా ఉండొచ్చు, కాబట్టి ఇంకొకరి అంకెను అలాగే తీసుకుంటే మోసపోతారు. ఉష్ణోగ్రత పెంచేకొద్దీ సాంద్రత పెరిగి, ఒకచోట ఆగి, తర్వాత తగ్గుతుంది. ఆ శిఖరమే మీ ఉష్ణోగ్రత.

సాంద్రత

13 మిల్లీమీటర్ల బిళ్ళ సింటరింగ్ తర్వాత దాదాపు 11.2 మిల్లీమీటర్లకు కుంచించుకుపోవాలి. 12 దగ్గరే ఆగిపోతే ఇంపిడెన్స్ (ఏసీ కరెంటుతో నిరోధం కొలిచే పరీక్ష) దాకా వెళ్ళనక్కర్లేదు, అది చిక్కబడలేదు.

ఆర్కిమెడీస్ పద్ధతికి నీళ్ళు కాక ఐసోప్రొపనాల్ వాడండి. నాసికాన్ నీళ్ళలో ఉంటే సోడియం కొంత బయటికి వచ్చి, ఆ చోటుకు నీటి అయాన్లు వెళ్ళి కూర్చుంటాయి. ఆరిన బిళ్ళ బరువు, ద్రవంలో వేలాడదీసిన బరువు, తడిసి తుడిచిన బరువు మూడూ తీసుకోండి. ఆరిన బరువును, తడి బరువుకూ వేలాడే బరువుకూ ఉన్న తేడాతో భాగించి, ఐసోప్రొపనాల్ సాంద్రతతో గుణిస్తే బిళ్ళ సాంద్రత వస్తుంది. ద్రవం సాంద్రత వేడిని బట్టి మారుతుంది, ఆ రోజు గది ఉష్ణోగ్రతకు తగిన అంకె వేయండి. నాసికాన్ పూర్తి సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.27 గ్రాములు. మీది 3.07 దాటితే, అంటే 94 శాతం మించితే, ముందుకు వెళ్ళొచ్చు.

ఇంకో చవకైన పరీక్ష: ఒక బిళ్ళను బలిచ్చి దాని మీద ఇథనాల్‌లో కలిపిన రంగు చుక్క వేయండి. ఇంకిపోతే రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నట్టు. అలాంటి బిళ్ళలోకి సోడియం లోహం కూడా అలాగే చొరబడుతుంది.

ఇంపిడెన్స్

రెండు ముఖాలనూ 400, 800, 1200, 2000 నంబరు గరుకు కాగితాలతో వరుసగా రుద్దండి, తడి కావాలంటే ఐసోప్రొపనాల్ మాత్రమే. తర్వాత బంగారం స్పటరింగ్ (వాక్యూమ్‌లో పలచటి పూత) చేయించండి. అది లేకపోతే వెండి పేస్టు పలచగా రాసి ఆరబెట్టండి. పక్కలకు పేస్టు కారితే ఆ గీత గుండానే కరెంటు పోతుంది, బిళ్ళ ఎంత చెడ్డదైనా గొప్పగా కనిపిస్తుంది. అంచు ఒకసారి గీకి శుభ్రం చేశాకే కొలవండి.

1 మెగాహెర్ట్జ్ నుంచి 1 హెర్ట్జ్ దాకా, 10–20 మిల్లీవోల్టులతో కొలవండి. గ్రాఫ్‌లో ఎడమవైపు ఒక అర్ధచంద్రం, కుడివైపు ఏటవాలుగా పైకి లేచే తోక వస్తాయి. తోక అంటే ఎలక్ట్రోడ్ దగ్గర అయాన్లు ఆగిపోవడం. చాలామంది ఆ అర్ధచంద్రాన్ని రేణువు లోపలి నిరోధం అనుకుంటారు. గది వేడిలో నాసికాన్ రేణువుల అర్ధచంద్రం 1 మెగాహెర్ట్జ్‌కు అవతల ఉంటుంది, మీకు కనిపించేది ఎక్కువగా రేణువుల సరిహద్దులదే. సందేహం ఉంటే కెపాసిటెన్స్ చూడండి: పికోఫారాడ్ల స్థాయిలో ఉంటే రేణువు, నానోఫారాడ్ల దగ్గరికి వస్తే సరిహద్దు, మైక్రోఫారాడ్లు అయితే ఎలక్ట్రోడ్. రెండూ విడివిడిగా కావాలంటే బిళ్ళను సున్నా కంటే కిందికి చల్లార్చి కొలవాలి. అర్ధచంద్రానికి ఎడమ చివర గీత అక్షం కిందికి దిగితే అది వైర్ల ఇండక్టెన్స్. వైర్లు కురచ చేయండి, వైర్లను షార్ట్ చేసి ఒకసారి కొలిచి ఆ విలువ తీసేయండి.

లెక్క సులువే. మందం 0.15 సెంటీమీటర్లు, ఎలక్ట్రోడ్ వైశాల్యం 0.95 చదరపు సెంటీమీటర్లు, మొత్తం నిరోధం 250 ఓములు అనుకుందాం. మందాన్ని వైశాల్యంతోనూ నిరోధంతోనూ భాగిస్తే సెంటీమీటరుకు 0.63 మిల్లీసీమెన్స్ వస్తుంది. వైశాల్యం అంటే బిళ్ళది కాదు, బంగారం పూసినంత మేరది.

తర్వాత 25 నుంచి 140 డిగ్రీల దాకా కొలవండి, ప్రతి దగ్గరా అరగంట ఆగి. వాహకతను కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణించి దాని సహజ లాగరిథంను, వెయ్యిని కెల్విన్‌తో భాగించిన విలువకు ఎదురుగా గీయండి. వాలును 0.0862తో గుణిస్తే అయాన్ కదలడానికి కావాల్సిన శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. వాలు 4.0 అయితే 0.345. నాసికాన్‌కు 0.3–0.4 మధ్య రావడం సహజం. 160 దాటితే గీత కొంచెం వంగుతుంది, అది స్ఫటికం మారడం వల్ల, తప్పు కాదు.

బిళ్ళ గుండా ఎలక్ట్రాన్లు కారడం లేదని కూడా తేల్చుకోవాలి. అదే బంగారు ఎలక్ట్రోడ్ల మీద 1 వోల్టు పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. కరెంటు పడిపోతూ వచ్చి ఒక దగ్గర నిలుస్తుంది. ఆ మిగిలిన కరెంటుతో లెక్కవేసిన వాహకత, అయాన్ వాహకతలో పదివేల వంతు కంటే తక్కువ ఉండాలి.

సోడియంతో పరీక్ష

ఇక్కడి నుంచి అనుభవం ఉన్నవాళ్ళు పక్కన లేకుండా చేయకండి. సోడియానికి నీరు తగిలితే హైడ్రోజన్ పుట్టి అంటుకుంటుంది. మంటకు నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ రెండూ పనికిరావు. ఎండిన ఇసుక బకెట్, లేదా లోహాల మంటలకు వాడే పొడి ఉన్న సిలిండర్ దగ్గర ఉంచుకోండి.

గ్లోవ్ బాక్స్‌లో (గాలి చొరబడని, తొడుగుల్లోంచి చేతులు పెట్టి పనిచేసే పెట్టెలో) తేమ, ఆక్సిజన్ 1 పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు, కంటే తక్కువ ఉండాలి. లిథియంలా కాక సోడియం గది వేడిలో నైట్రోజన్‌తో కలవదు. కాబట్టి ఆర్గాన్ లేకపోతే నైట్రోజన్ బాక్సూ పనికొస్తుంది. బిళ్ళను లోపలికి తీసుకెళ్ళే ముందు మళ్ళీ రుద్ది, 200–300 డిగ్రీల వాక్యూమ్‌లో రాత్రంతా ఉంచండి. గాలిలో ఉన్న బిళ్ళ మీద సన్నటి కార్బొనేట్ పొర ఏర్పడుతుంది, సోడియం దాన్ని అంటుకోదు.

సోడియం ముక్క చుట్టూ ఉన్న తెల్లటి తొక్క పూర్తిగా కోసేసి, మెరిసే భాగాన్ని పలచగా ఒత్తి 8 మిల్లీమీటర్ల గుండ్రటి ముక్కలు కోయండి. బిళ్ళ రెండువైపులా మధ్యలో నొక్కండి. అంచు చుట్టూ కనీసం ఒక మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. కాయిన్ సెల్‌లో మూసేటప్పుడు బిళ్ళ పగలడం మామూలే, అందుకే స్ప్రింగ్ ఉన్న గొట్టపు సెల్ నయం.

ముందు ఇంపిడెన్స్ తీసి, నిరోధాన్ని ఎలక్ట్రోడ్ వైశాల్యంతో గుణించి, బంగారంతో అలాగే లెక్కవేసిన దానితో పోల్చండి. ఎక్కువైనది సోడియం–సిరామిక్ హద్దుది. తర్వాత చదరపు సెంటీమీటరుకు 0.05 మిల్లీయాంపియర్లతో మొదలుపెట్టి, గంట ఒకవైపు, గంట రెండోవైపు నడిపించండి. నిలకడగా ఉంటే 0.1, 0.2, 0.3 అలా పెంచండి. 0.1 దగ్గర గంటకు కదిలే సోడియం మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. కాబట్టి తక్కువ కరెంటుతో బాగా నడిచిందని అప్పుడే తృప్తి పడకండి.

ఇక్కడ వోల్టేజీని ఓమ్ సూత్రంతో సరిచూడండి. పైన లెక్కవేసిన బిళ్ళకు చదరపు సెంటీమీటరుకు దాదాపు 240 ఓముల నిరోధం ఉంది. 0.1 మిల్లీయాంపియర్ల దగ్గర 24 మిల్లీవోల్టులు, దానికి హద్దు నిరోధం కలిపినంత రావాలి. అంతకంటే మరీ ఎక్కువై పెరుగుతూ పోతే హద్దులో సందులు పడుతున్నాయి. 24 కంటే బాగా తక్కువ వచ్చిందంటే మాత్రం సంతోషించకండి. లోపల సోడియం దారం ఒకవైపు నుంచి ఇంకోవైపుకు చేరి ఉండొచ్చు. ఎన్నో గంటలు చదునుగా, అందంగా సాగే గీత నిజానికి షార్ట్ అయిన సెల్‌ది కావచ్చు. మధ్యమధ్య ఆపి ఇంపిడెన్స్ తీస్తే ఇది వెంటనే బయటపడుతుంది.

పరీక్ష ముగిసిన సెల్‌ను చెత్తబుట్టలో వేయకండి. ఫ్యూమ్ హుడ్‌లో, దగ్గర్లో మంట, వేడి ప్లేటు లేకుండా చూసుకుని, విప్పిన ముక్కల్ని ఎక్కువ ఐసోప్రొపనాల్‌లో ఒక్కొక్కటిగా వేయండి. బుడగలు పూర్తిగా ఆగాక ఇథనాల్, అది కూడా శాంతించాక మరునాడు కొద్దికొద్దిగా నీళ్ళు కలపండి. గిన్నె మీద మూత బిగించకండి, హైడ్రోజన్ పోవడానికి దారి ఉండాలి.